హద్దు రాయి, పదకొండో నంబరు

కాగితం మీద దాని పేరు కిక్కిసమడుగు.
ఒడ్డున ఆ మాట అన్నవాళ్ళు
నాకింకా ఎవరూ తగల్లేదు.

మెరకపాలెం వాళ్ళకి అది పల్లం.
"పల్లంలోకెళ్ళాడు, వచ్చేస్తాడు" అంటారు,
పక్క గదిలోకి వెళ్ళినట్టు.
నత్తలంక వాళ్ళకి అవతల.
చుట్టూ నీళ్ళే కనక, ఎటు చూసినా అవతలే.
బాతులవాళ్ళు మేత అంటారు.
ఇక రొయ్యల షెడ్ల దగ్గర కొత్తవాళ్ళు
దాన్ని డ్రెయిను అంటారు;
అని, పైపు అటు తిప్పుతారు.

రీసర్వే అని నన్ను పంపారు.
భుజాన రోవరు, చేతిలో ట్యాబు,
గొడుగొకటి, అది మా అమ్మది.
తోడు పెనుమాల ఏసుపాదం,
ముప్పై ఏళ్ళ కిందట ఇదే మడుగు చుట్టూ గొలుసు లాగినవాడు.
తడిసిన గొలుసు ఎంత బరువో
ఇప్పటికీ కుడి భుజంతోనే చెబుతాడు.

ఉత్తరాన్నుంచి మొదలెట్టాం.
లాకు దాటి బోదె దిగే చోట
నేల మోకాలంత లేస్తుంది.
మోకాలంత ఎత్తే ఇక్కడ కొండ.
కొండ మీద డాబాలు, రైసుమిల్లు, బ్యాంకు.
కొండ కింద పేట.
తుఫాను నాడు నీళ్ళు ఆ తేడాని
తప్పుల్లేకుండా చదువుతాయి.

తూర్పున గోగుపాడు.
రేవులో తాటిదోనెలు రెండు, రెండూ బోర్లా,
వాటి మీద పరిగెలు ఎండుతున్నాయి.
గుర్రపుడెక్క కమ్మిన చోట
నీరో నేలో తేల్చుకోలేక రోవరు బీప్‌మంటోంది.
ఏసుపాదం చెప్పులు విడిచి నాలుగడుగులేశాడు.
"ఇక్కడిదాకా సర్కారుదమ్మా,
ఇక్కణ్ణుంచి చేపలది."

దక్షిణాన సముద్రం పోటెక్కితే
మురుక్కాలువ వెనక్కి నడుస్తుంది.
ఉప్పు వచ్చి మడుగు రుచి చూసి పోతుంది.
ఒక్కో ఏడు పోదు.
పోని ఏడు కొబ్బరి మొవ్వులు ఎర్రబడతాయి,
మంచినీళ్ళ బిందె ఇరవై రూపాయలవుతుంది.

పడమట గొల్లలకోడు. బాతులు ఎవరివైనా
గుడ్డు ఏ ఊరి హద్దులో పెడితే ఆ ఊరిది.
కాగితం లేకుండా నడుస్తున్న ఒప్పందం
నేను చూసింది అదొక్కటే.

హద్దు రాళ్ళు ఇరవై మూడు. దొరికినవి తొమ్మిది.
ఒకటి రేవులో బట్టలుతికే బండ.
ఒకటి పశువుల పాక తలుపుకి ఆపు.
ఒకదానికి పసుపు రాసి పల్లాలమ్మ అంటున్నారు;
దాని మీద నంబరు కనపడలేదని రాశాను.
పదకొండోది?

నత్తలంకలో ఓలేటి కాసులమ్మ
మావు అల్లుతూ, తలెత్తకుండా చెప్పింది:
"అదా? మా ఆయన దానికే దోనె కట్టేవోడు."
ఎక్కడన్నాను.
గడ్డంతో చూపించింది, నీళ్ళ నడిమికి.
ఏ నెల్లో, అన్నాను.
అప్పుడు తలెత్తింది.
ఆ రోజు నేనడిగిన వాటిల్లో
ఆమెకి నచ్చిన ప్రశ్న అదొక్కటే.

"వైశాఖంలో మేకలు దానికి వీపు గోక్కుంటాయి.
శ్రావణంలో ములిగిపోద్ది.
మాఘంలో దాని నెత్తినెక్కి నీరుకాకి రెక్కలారబెట్టుకుంటాది.
రాయి కదల్దమ్మా.
మిగతాదే తిరుగుతాది."

ట్యాబులో విస్తీర్ణానికి ఒకటే గడి.
ఆఫీసుకి ఫోన్ చేశాను,
ఏ నెలది వెయ్యమంటారు సార్?
ఆయన కాసేపు ఊరుకుని
"ఇవాళ్టిది వేసెయ్యండి" అన్నారు.

వేశాను. నూట పన్నెండెకరాల నలభై సెంట్లు.
వేలు ఇంకా గాజు మీదుండగానే
ఉప్పు గాలి తిరిగింది.
గొడుగు ఇద్దరికీ చాల్లేదు, రోవరుకి పట్టాం.
గట్టు మీద పెట్టిన క్యారేజీ చుట్టూ
మెల్లగా నీళ్ళు చేరుతుంటే
ఏసుపాదం దాన్ని ఎత్తి పట్టుకుని,
అడుగున తడి తుడుస్తూ అన్నాడు:

"అరసెంటు పెరిగిందమ్మా."